చేతులకు పని

నాగాయలంక,
ఏప్రిల్ నెలాఖరు.

వదినకు, దుర్గ నమస్కారాలు.

నిన్న మీ తమ్ముడి వ్యాను చీకటి పడకముందే వచ్చేసింది. ముందు సీటు ఖాళీగా కనపడేసరికి చెరువు గట్టు మీదే కూర్చుండిపోయాను. యోషిత ఏడ్చిందా అని అడిగితే వంశీ తల అడ్డంగా ఊపాడు. ఇంకేదో చెప్పబోయి, చెయ్యి గాల్లో రెండుసార్లు తిప్పి ఊరుకున్నాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా అతనికి వచ్చిన సైగలు అన్నం, నీళ్ళు, వెళ్తున్నాను, పడుకో. వాటితో కూతురి కబురు ఎంతని చెప్తాడు? అందుకే నీకు రాస్తున్నాను. ఎలాగూ చేపల లోడుతో బందరు వస్తూనే ఉంటాడు కాబట్టి అతని చేతికే ఇస్తాను. నువ్వూ అలాగే పంపు. ఫోన్లో రెండు ముక్కలు టైపు చేస్తే నా కడుపు నిండదని నీకు తెలుసు.

గుడివాడ డాక్టరు గారు చెప్పిన మాట నీకు మళ్ళీ రాయనక్కర్లేదు. పిల్ల చెవులు చక్కగా ఉన్నాయి, కావలసింది మాటల మధ్య పెరగడం, ఒక మంచి స్పీచ్ థెరపీ టీచరు అన్నారు. చుట్టూ చెరువులు, మధ్యలో మా ఒక్క ఇల్లు, వినపడని తల్లి, పగలంతా రోడ్ల మీద ఉండే తండ్రి. దాని చెవిన మాట పడేదెప్పుడు? నేనే దాన్ని తీసుకుని బందరులో గది అద్దెకి తీసుకుందును. కానీ ఈ కాన్పు అయ్యేదాకా బస్సెక్కవద్దన్నారు, మంచం దిగడమే తగ్గించమన్నారు.

నీ దగ్గరికి కాబట్టి పంపాను. ఇంకెవరి దగ్గరికీ పంపేదాన్ని కాదు. నేను కాపరానికి వచ్చినప్పుడు అత్తారింట్లో అందరూ నాతో గట్టిగా అరిచి మాట్లాడేవాళ్ళు, అరిస్తే వినపడుతుందన్నట్టు. నువ్వొక్కదానివే వంటింట్లోకి వచ్చి, ఉప్పుకి సైగ ఏంటని అడిగావు. ఉప్పు, కారం, కోపం, నవ్వు... ఆ వారంలోనే ఎన్ని నేర్చుకున్నావో.

ఒక్క విషయం, వదినా. నేను చదివిన హాస్టల్ బడి సంగతి నీకు మాత్రమే చెప్పాను. సైగ చేస్తే వార్డెను స్కేలుతో వేళ్ళ మీద కొట్టేది. చేతులు వెనక్కి కట్టుకుని, లేదంటే తొడల కింద పెట్టుకుని కూర్చోమని, రాని గొంతుతో అ, ఆ అని అరిపించేవాళ్ళు. మా అమ్మకి కూడా ఇవన్నీ తెలియవు. యోషితకి నోటి మాట రావాలి, తప్పకుండా రావాలి. కానీ దాని చేతుల్ని మాత్రం ఎవర్నీ ఆపనివ్వకు. అది నాకు కథలు చెప్పేది వాటితోనే.

ఆదివారం పొద్దున్న వీడియో కాల్ చెయ్యి. గట్టు చివర సిగ్నల్ బాగుంటుంది, అక్కడికి మంచం వేయించుకుంటాను.

దుర్గ



మచిలీపట్నం,
మే.

దుర్గకు, వదిన ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. పిల్ల కులాసాగా ఉంది. మొదటి రెండు రోజులు గుమ్మం దగ్గరే కూర్చుంది. తర్వాత మా పెరట్లో పిల్లికూనలు దానికి స్నేహితులైపోయాయి.

థెరపీ సెంటరు కోనేరు సెంటర్ దాటాక ఒక మేడ మీద. టీచరు పేరు సానియా గారు. చిన్నపిల్లే, ముప్పై ఉంటాయేమో, ఓర్పు మాత్రం నలుగురు తల్లులకి సరిపోయేంత ఉంది. పుస్తకాలూ, బొమ్మల చార్టులూ పెద్దగా వాడరు. ఏ కాలంలో ఏది దొరికితే దానితోనే పాఠం. ఇప్పుడు ముంజల కాలం కదా. ముంజకి గోటితో చిన్న చిల్లు పెట్టి పిల్ల చేతికిస్తారు. పెదాలు గుండ్రంగా చుట్టి లోపలి నీళ్ళు పీల్చాలి. అలా పీల్చిన పెదాలకే "ఉ", "ఊ" తొందరగా పట్టుబడతాయట. మొదటి రోజు మన యోషిత గౌను నిండా నీళ్ళే. ఇప్పుడు చుక్క కింద పడనివ్వదు.

మామిడి తాండ్రతో ఇంకో ఆట. గోరంత ముక్క పై పళ్ళ వెనక అంటించి, నాలుక కొసతో గీకి తీసుకోమంటారు. "త", "ల", "న" పలకాలంటే నాలుక వెళ్ళాల్సిన చోటు అదేనట. పిల్లకి అదంతా ఏం తెలుసు, తాండ్ర దొరుకుతోంది, అంతే. ముంజలు తీసేసిన తాటికాయలకి పుల్ల గుచ్చి బండి చేశారు. బండి తోస్తూ "బ... బ..." అనాలి. మన పిల్ల తోస్తుంది, ఇంకా అనదు. అంటుంది, తొందర లేదు.

వీడియో కాల్ గురించి చెప్పాలి. సానియా గారు ఫోను తెర పిల్ల కంట పడకూడదన్నారు. తెర అలవాటైతే మాట వెనకబడుతుందట. వీడియో కాల్ కూడా వద్దట. నిన్ను చూసి ముట్టుకోలేక బెంగ పెట్టుకుంటే ఇప్పటిదాకా చేసిందంతా వృథా అన్నారు. నాకూ కష్టంగానే ఉంది దుర్గా. కానీ టీచరు మాట కాదనకూడదు కదా. నేను అన్నీ రాస్తుంటాను. నువ్వు మాత్రం మంచం దిగకు.

వదిన



నాగాయలంక,
జూన్.

వదినకు,

వీడియో కాల్ లేదని తెలిశాక రెండు రోజులు అన్నం సయించలేదు. తర్వాత సర్దుకున్నాను. టీచరు గారు తెలియకుండా చెప్తారా? పిల్ల మంచికేగా.

నీ ఉత్తరంలో ఉన్నవన్నీ ఇక్కడ నేనూ చేసి చూశాను. వంశీ తెచ్చిన ముంజలకి చిల్లు పెట్టి పీల్చాను. అద్దం ముందు పెట్టుకుని తాండ్ర పై పళ్ళ వెనక అంటించుకున్నాను. నా నాలుకా ఆ చోటికే వెళ్ళింది. ఇదే చోట యోషిత నాలుక కూడా ఇవాళ వెతుక్కుంటూ ఉంటుంది కదా అనుకుంటే అది పక్కనే కూర్చున్నట్టు అనిపించింది. నన్ను చూసి మా పక్క చెరువు కాపలా ఉండే అప్పయ్య బాబాయి, ఈ పిల్లకి వేవిళ్ళు ఇప్పుడు మొదలయ్యాయా అన్నట్టు చూశాడు.

తాటాకుతో చిలకని అల్లి పంపుతున్నాను. తోక లాగితే రెక్కలాడిస్తుంది. చిలకకి మేం పెట్టుకున్న సైగ నీకు తెలుసుగా, ముక్కు దగ్గర వేలు వంచడం. చిలకని చూడగానే అది ఆ సైగ చేసిందో లేదో రాయి. నా పేరు సైగ చేస్తోందా? పడుకునేముందు చెంప మీద వేలు పెట్టుకుని నా కోసం అడుగుతోందా? అడిగితే ఏం చెప్తున్నావు?

దుర్గ



మచిలీపట్నం,
ఆగస్టు.

దుర్గకు,

చిలక అందింది. యోషిత దానితో ఆడుకుంది. తర్వాత చిరిగిపోకుండా గోడకి తగిలించాను.

వానలు పట్టుకున్నాయి. సెంటర్లో పెద్ద ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి, కాగితప్పడవలు వేసి, గొట్టంతో ఊదిస్తున్నారు. ఎవరి పడవ అవతలి ఒడ్డుకి చేరితే వాళ్ళకి కాల్చిన మొక్కజొన్న గింజలు. ఊపిరి నిలబెట్టి వదలడం వస్తే మాట పొడుగ్గా వస్తుందట. మొక్కజొన్న కండె కొరికి నమలడం దవడకి బలం. ఇంటి దగ్గర నేను బెండకాయ అడ్డంగా కోసి, పసుపులో, బీట్‌రూట్ రసంలో ముంచి, గుడ్డ మీద పువ్వులు అద్దిస్తున్నాను. పెడనలో మా ఆడపడుచు వాళ్ళు బట్టల మీద అచ్చులు వేస్తుంటే చూసిన గుర్తుతో పాత చెక్క అచ్చొకటి అడిగి తెచ్చాను. "పువ్వు" అంటూ అద్దాలి.

దాని చేతులకి ఎప్పుడూ ఏదో ఒక పని పెడుతున్నాను. ఖాళీగా ఉంచడం లేదు.

మాట ఇంకా రాలేదు. "బా", "ఊఁ" లాంటివి వస్తున్నాయి. సానియా గారు ఓపిక పట్టమన్నారు. నువ్వు గుడివాడ పుట్టింటికి వెళ్ళే ముందు ఆసుపత్రిలో చూపించుకుని వెళ్ళు. కారులోనే వెళ్ళు, వంశీతో చెప్పాను.

వదిన



గుడివాడ,
సెప్టెంబరు.

వదినకు,

అమ్మ దగ్గరికి చేరాను. మా అమ్మ సీతారావమ్మ గారి సంగతి తెలుసు కదా, కూతురికి ఎక్కడ తగులుతుందోనని మంచం చుట్టూ చీరలన్నీ కట్టి మెత్తగా చేసినా చేస్తుంది. చవితికి మట్టి వినాయకుణ్ణి చేసింది. ఉండ్రాళ్ళు చేస్తుంటే పిండి ముద్ద తీసుకుని ఉండలు చుట్టాను. యోషిత కూడా అక్కడ చుట్టి ఉంటుందనుకున్నాను.

వదినా, నీ ఉత్తరాలు మళ్ళీ వరసగా చదివాను. పిల్ల ఏం తిన్నదో రాశావు, ఏం చేసిందో రాశావు. అది ఏం చెప్పిందో ఎక్కడా రాయలేదు. నోటితో రాలేదన్నావు, సరే. చేతులతో చెప్పేది ఉంటుంది కదా. పిల్లికూనల గురించి చెప్పకుండా ఉంటుందా? మా ఇంట్లో కప్ప కనపడితే పొద్దున్న నించి సాయంత్రం దాకా ఆ కప్ప కథే చెప్పేది. జూన్‌లో అడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. మర్చిపోయి ఉంటావు.

ఇక్కడికి బందరు ఎంత దూరం? ఒక్క రోజు, పొద్దున్న వచ్చి సాయంత్రం వెళ్ళేలా తీసుకురా. వంశీని అడిగితే "వచ్చే నెల" అని వేలు ముందుకి జరుపుతున్నాడు. పోయిన నెలా అలాగే జరిపాడు.

దుర్గ



మచిలీపట్నం,
అక్టోబరు.

దుర్గకు,

బాబు పుట్టాడని విని మా ఇల్లంతా పండగే. తల్లీ బిడ్డా క్షేమమన్నారు, అంతకన్నా ఏం కావాలి. చలిగాలి తగలనివ్వకు.

పిల్లని తీసుకురావాలనే అనుకున్నాను. మధ్యలో జ్వరం తగిలింది, ఇప్పుడు తగ్గిందిలే, కంగారు పడకు. సానియా గారు కూడా క్లాసు తప్పించవద్దంటున్నారు. అట్లతద్దికి సెంటర్లో చిన్న చిన్న అట్లు పోయించారు. పిండిని "అ" ఆకారంలో, "ట" ఆకారంలో పెనం మీద పోస్తారు. అక్షరం పలికితే ఆ అట్టు వాళ్ళదే. బెల్లం పాకం పెదాల చివర్లలో రాసి నాలుకతో అందుకోమంటారు. చూడ్డానికి నవ్వొస్తుంది.

తమ్ముడు పుట్టాడని యోషితకి చెప్పాను. ఎవరి తమ్ముడు అని అడిగింది. నీ తమ్ముడేనే అని చెప్పి ముద్దు పెట్టుకున్నాను.

తొందరలో రాస్తున్నాను. వంశీ వ్యాను దగ్గర నిలబడి ఉన్నాడు.

వదిన



గుడివాడ,
డిసెంబరు.

పుష్పావతి గారికి,

ఇకనుంచి మీకు ఇలాగే రాస్తాను. "నువ్వు" అనడానికి చెయ్యి రావడం లేదు.

మీ కిందటి ఉత్తరంలో "ఎవరి తమ్ముడు అని అడిగింది" అని రాశారు. మాట రాని పిల్ల ఎలా అడిగింది? చేతులతో అడిగితే "అడిగింది" అని ఊరికే రాయరు, ఎలా అడిగిందో నాకు రాస్తారు. నోటితో అడిగితే, అంత మాట నా కూతురి నోట వచ్చిందన్న సంగతి నాకు రాయకుండా ఉంటారా? బాలింత మంచం మీద పడుకుని ఆ ఒక్క ముక్కా ఎన్నిసార్లు చదివానో. వంశీని అడిగాను. అతను కళ్ళు దించుకుని బాబు వేళ్ళు సర్దుతూ కూర్చున్నాడు.

బయటికి వెళ్ళొచ్చని డాక్టరమ్మ చెప్పగానే అమ్మనీ, బాబునీ తీసుకుని బస్సెక్కాను. ముందుగా మీకు చెప్పలేదు. అప్పటికి కూడా మనసులో అనుకుంటున్నది ఒక్కటే, నన్ను చూసి మీరు సంతోషిస్తారని.

మీ ఇంటికి తాళం ఉంది. పక్కింటావిడ అమ్మతో ఏదో చెప్పింది. ఏమందని అడిగితే అమ్మ మొహం తిప్పుకుంది. భుజం పట్టుకుని మళ్ళీ అడిగాక చెప్పింది. "పాప స్కూలు నుంచి రాగానే వాళ్ళమ్మతో స్పీచ్ క్లాసుకెళ్తుందండీ" అందట. స్కూల్లో వేశారని అలా తెలిసింది నాకు. వాళ్ళమ్మ ఎవరో కూడా అలాగే తెలిసింది.

సెంటరు మెట్లెక్కి అద్దం తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల పిల్లలు గుండ్రంగా కూర్చుని రేగిపళ్ళు తింటున్నారు. గింజని పెదాలతో బిగించి స్టీలు పళ్ళెంలోకి ఊదాలి, అదీ ఆట. నా కూతురు ఎంత పొడుగైంది! రెండు జడలు వేశారు. దాని గింజ సరిగ్గా పళ్ళెం మధ్యలో పడింది. ఎగిరి గంతేసి, గోడ పక్కన కూర్చున్న మీ వైపు తిరిగింది. తిరిగి ఒక మాట అంది.

నాకు వినపడదు, పుష్పావతి గారూ. కానీ ఆ బడిలో దెబ్బలు తిని నేను నేర్చుకున్నదంటూ ఏదైనా ఉంటే అది పెదాలు చదవడం. నోరు తెరిచి, పెదాలు గట్టిగా కలిపి, మళ్ళీ తెరిచింది. అమ్మా అంది. మీరు "ఏం తల్లీ" అన్నారు. అదీ చదివాను.

తలుపు తోసుకుని లోపలికి వచ్చాను. "బంగారం, నేను వచ్చాను" అని సైగ చేశాను. అది నన్ను గుర్తుపట్టింది. మొహం వెలిగింది, చేతులు లేచాయి. సగం లేచాక మీ వైపు చూసింది. చూసి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

ఆ కూర్చోవడం నేనెరుగుదును. మా హాస్టల్లో పిల్లలందరం అలాగే కూర్చునేవాళ్ళం.

ఆ తర్వాత జరిగింది మీరూ చూశారు, కానీ అమ్మ నాకు తర్వాత చెప్పినవి ఇక్కడ రాస్తాను, నేను తెలుసుకున్నానని మీకు తెలియాలి కదా. సానియా గారు అమ్మని అడిగారట, "వీరెవరండీ?" అని. "పిల్ల తల్లండీ" అంది అమ్మ. ఆవిడ మీ వైపు వేలు చూపించారట.

"వాళ్ళమ్మగార్ని తీసుకురండి అని ప్రతి నెలా అడుగుతున్నానండీ. ఆవిడకి చదువు రాదు, పిల్ల మీద ధ్యాస తక్కువ అని వీరే చెప్పారు."

"మరి వీడియో కాల్ వద్దన్నారటగా మీరు?"

"నేనా? నేనెందుకంటానండీ అలాగ? తల్లి మొహం చూడకుండా మాటెలా నేర్చుకుంటారు పిల్లలు?"

"సైగలు..."

"అసలు ఈ పాపకి సైగలొచ్చని నాకు తెలీదండీ. వస్తే దాన్ని పట్టుకునే మొదలుపెట్టేదాన్ని కదా. సైగ చేస్తూ మాట చెప్తే పిల్లలకి ఇంకా తొందరగా వస్తుంది."

ఆ చివరి మాటలు ఆవిడ నాకు కాగితం మీద కూడా రాసిచ్చారు. మీరు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. మీకు నా భాష వచ్చు. ఆ గదిలో నాతో మాట్లాడగలిగిన పెద్దవాళ్ళు మీరొక్కరే. ఒక్క సైగ చెయ్యలేదు.

పిల్లని ఎత్తుకుంటే మీకోసం చేతులు చాచి ఏడ్చింది. నా భుజం కొరికింది. మెట్లు దిగుతూ దాని నోటిని చూడకూడదనుకున్నాను, చూశాను. మీరు నేర్పిన ఆ మాటే అంటోంది, మిమ్మల్ని పిలుస్తూ.

నాగదుర్గ



మచిలీపట్నం,
డిసెంబరు.

దుర్గా,

నువ్వెలా పిలిచినా నేను నీకు అలాగే రాస్తాను.

నేను పిల్లని కొట్టలేదు. ఒక్క దెబ్బ వెయ్యలేదు, ఒట్టు. "చేతులు దాచేద్దాం, నోటితో చెప్పు, బెల్లం ముక్క ఇస్తాను" అని ఆటలా అలవాటు చేశాను. అది ఆట కాదని నాకు ఆ రోజు దాన్ని నీ ఎదుట అలా చూశాకే తెలిసింది.

ఎందుకు చేశానో చెప్పనీ. పోయిన మాఘంలో మా బావగారి అమ్మాయి పెళ్ళి గుర్తుందా? నువ్వూ యోషితా వరండాలో చేతులతో మాట్లాడుకుంటున్నారు. పిల్లలంతా మీ వెనక చేరి మీలాగే చేతులు తిప్పుతూ నవ్వారు. నీకు వినపడలేదు. నాకు వినపడింది. వంశీకి వినపడింది. వాడు పెళ్ళి భోజనం చెయ్యకుండా వ్యాన్లో కూర్చున్నాడు. "అక్కా, నా కూతురు కూడా అలా అయిపోతుందే. దాన్ని నీ దగ్గర పెట్టుకో. చేతులు మాన్పించు. దుర్గకి చెప్తే ఒప్పుకోదు" అన్నాడు. వీడియో కాల్ వద్దన్నది వాడే. బళ్ళో చేర్చిందీ వాడే. నువ్వు ఇంకా వాడి ముఖం చూస్తూ బతకాలని ఇన్నాళ్ళూ తప్పంతా నా మీదే వేసుకుందామనుకున్నాను. కానీ ఇంత జరిగాక దాచి నీకు ఇంకో అన్యాయం చెయ్యలేను.

అలా అని నా తప్పు వాడి మీదకి తొయ్యను. యోషిత మొదటి మాట జులైలోనే అంది. పెరట్లో పిల్లి పాలు తాగుతుంటే, నా కొంగు పట్టుకుని "అమ్మా, పిల్లి" అంది. అత్తా అనమని దిద్దాల్సింది. దిద్దలేదు. నాకు ఇద్దరూ మగపిల్లలే, వాళ్ళు నన్ను పిలిచి ఎన్నాళ్ళయిందో. ఒక్కసారి విందాం అనుకున్నాను, రేపు దిద్దుదాం అనుకున్నాను. చివరికి, ఎలాగూ నీకు వినపడని మాటే కదా, నేను వింటే నీకు పోయేదేముందని మనసుకి సర్దిచెప్పుకున్నాను.

ఇది రాశాక నా మీద నాకే అసహ్యం వేస్తోంది. అయినా కొట్టెయ్యను.

ఇల్లు బావురుమంటోంది. పిల్లికూనలు గుమ్మం దగ్గరే తిరుగుతున్నాయి. ఒక్కసారి వచ్చి దాన్ని చూసి వెళ్తాను. నీ మీద ఆన. కాదనకు.

వదిన



నాగాయలంక,
ఫిబ్రవరి.

పుష్పావతి గారికి,

జవాబు ఆలస్యమైంది. మీ ఉత్తరం తెచ్చిచ్చింది మీ తమ్ముడే. ఇన్ని నెలలూ మీ అబద్ధాలు నాకూ, నా ఆశలు మీకూ మోసినవాడు అతనే. లోపల ఏముందో తెలిసీ నా చేతిలో పెట్టి, నేను చదువుతుంటే ఎదురుగా కూర్చునేవాడు. మీరు చేసినదానికన్నా అదే నన్ను ఎక్కువ కోస్తోంది.

ఆ రోజే అడిగాను. మొదట సైగలు అర్థం కానట్టు నటించాడు. పలక తెచ్చి రాశాను. "పెళ్ళిలో నవ్వారని సిగ్గుపడ్డావా? ఎవర్ని చూసి, నన్నా?" పలక తీసుకుని, "లోకం మంచిది కాదు" అని రాశాడు. "లోకం నా కూతురి చేతులు ఆపలేదు, నువ్వు ఆపావు" అని దాని కిందే రాశాను. అప్పుడు ఏడ్చాడు. నేను ఏడవలేదు. ఇంట్లోంచి పొమ్మనలేదు, నేనూ పోలేదు. కానీ వ్యాను శబ్దానికి నేల అదిరితే పరిగెత్తి గట్టు మీదకి వెళ్ళేదాన్ని చూశారా, ఆ మనిషి ఇప్పుడు లేదు. రోజూ భోజనమయ్యాక పిల్ల ముందే కూర్చుని నా దగ్గర సైగలు నేర్చుకుంటున్నాడు. నేర్పుతున్నాను. అంతే.

యోషిత సంగతి రాస్తాను. మీరు పెంచిన ప్రేమ అబద్ధం కాదని నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను. శనివారాలు నేనూ అదీ బస్సులో బందరు వస్తున్నాం, సానియా గారి దగ్గరికి. మీ వీధి వైపు రాను. ఆవిడ నా దగ్గర సైగలు నేర్చుకుంటూ పిల్లకి మాటలు నేర్పుతున్నారు. ఇప్పుడు తేగల కాలం. కాల్చిన తేగ పీచు ముందు పళ్ళతో లాగి తీయాలి, చీల్చి లోపలి సన్నటి మొలకని, అదే చందమామని, బయటికి తీసి "చందమామ" అనాలి. నేను వేళ్ళతో చందమామ చేసి చూపిస్తాను, ఆవిడ నోటితో అంటారు. పిల్ల నోటితో అంటుంది. ఎంత బాగా అంటుందో అప్పయ్య బాబాయి వచ్చి మరీ చెప్పి వెళ్ళాడు. నాన్నతో మాట్లాడుతుంది, కోళ్ళతో మాట్లాడుతుంది. నా దగ్గరికి వచ్చేసరికి నోరూ మూసుకునేది, చేతులూ తొడల కింద పెట్టుకునేది. జనవరి అంతా అలాగే గడిచింది. నాతో మాట్లాడటానికి దానికి ఏ దారీ మిగల్చలేదు మీరు.

పోయిన వారం పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. కొంగు ఎవరో లాగారు. యోషిత. ఇంట్లో ఉయ్యాల్లో బాబు ఏడుస్తున్నాడు, నాకెలా తెలుస్తుంది? అది నోరు తెరిచింది, నాకు వినపడదని గుర్తొచ్చింది కాబోలు, మూసింది. కుడి చెయ్యి లేపింది. లేపి, గబుక్కున వెనక్కి తిరిగి వాకిలి వైపు చూసింది. ఎవరూ లేరని చూసుకుని, కంటి కింద వేలు జార్చి "ఏడుస్తున్నాడు" అంది. తర్వాత చెంప మీద వేలు పెట్టి నా పేరు చెప్పింది.

లోపలికి పరిగెత్తి బాబుని ఎత్తుకున్నాను. ఆ రోజు నించి చేస్తోంది. కప్ప కథలు కూడా మొదలుపెట్టింది. కానీ ప్రతిసారీ, చెయ్యి లేపే ముందు, ఒక్కసారి వాకిలి వైపు చూస్తుంది. ఎంత నచ్చజెప్పినా మానడం లేదు. కన్నతల్లితో మాట్లాడటానికి దొంగలా చుట్టూ చూసుకునే పిల్లని చేశారు మీరిద్దరూ.

దాన్ని చూస్తానన్నారు. రాత్రీ పగలూ ఆలోచించాను. రావద్దని రాద్దామనే కూర్చున్నాను. రాయలేకపోవడం మీ మీద జాలితో కాదు. ఆ భయం నేను తీయలేను, మీ తమ్ముడూ తీయలేడు. పెట్టినవాళ్ళే తీయాలి.

రండి. చీరలూ, బొమ్మలూ, హల్వా ఏమీ తేవద్దు. అది మిమ్మల్ని చూసి పరిగెత్తుకొస్తుంది, అమ్మా అంటుంది. ఎత్తుకోకండి. నేను వాకిట్లోకి వస్తాను. పిల్ల చూస్తుండగా, నోరు మెదపకుండా, మీ చేతులతో నన్ను పలకరించండి. క్షమించమని అడగొద్దు, నా దగ్గర ఇంకా అది లేదు.

ఏం వండావు అని అడగండి చాలు.

నాగదుర్గ